మానవునకు ఇంత బాల్యమెందులకు?

కొన్ని మాసముల క్రిందట ఒక పల్లెనుండి ఒక సోదరి మాకు ఉత్తరము వ్రాసిరి. వారి యింట ఆవు ఈనిన వారముననే ఆమెకు మగబిడ్డ కలిగినాడు. దూడ పుట్టిన గంటలోపలనే తడబడుచు లేచి నిలిచి తల్లి పొదుగు వెదకుకొన్నది. పది దినములు తిరుగకముందే పెరడంతయు గంతులు వేసినది. సంవత్సరము నిండునప్పటికి అది మందతో కలిసి మేతకు పోవుచున్నది. బిడ్డ ఇంకను గోడ పట్టుకొని నిలుచుచున్నాడు. "ఆవు మోసినదీ తొమ్మిది నెలలే, నేను మోసినదీ తొమ్మిది నెలలే. బిడ్డ నడువకుండుట నా పెంపకములోని లోపమని ఇంటి పెద్దలు అనుచున్నారు. నిజముగా లోపమెక్కడ నున్నది?" అని ఆమె ప్రశ్న.

ఈ ప్రశ్న ఒక యింటికి సంబంధించినది మాత్రమే కాదు. మానవుని పుట్టుపూర్వోత్తరములను పరిశోధించు శాస్త్రజ్ఞులు ఏదో ఒక రూపమున దీనిని ఎదుర్కొనుచునే యున్నారు. వారు ఇంతవరకు కనుగొనిన సంగతులను కొన్నింటిని ఆ సోదరికి సమాధానముగా, తక్కిన శ్రోతలకును పనికివచ్చునట్లుగా ఇక్కడ చెప్పదలచితిని.

ప్రకృతి వరణమను సూత్రము మనకు తెలిసినదే. బ్రదికి, సంతానమును కని, ఆ సంతానమును బ్రదికించుకొనగలిగిన ప్రాణుల లక్షణములే తరతరములకు నిలుచును. ఈ లెక్కన చూచినచో ఆలస్యముగా ఎదుగుట కేవలము నష్టముగా కన్పట్టును. ఎదుగని ప్రతి సంవత్సరమును మృగమునకు, జ్వరమునకు, కరవునకు మరియొక అవకాశమిచ్చినట్లే. పైగా సంతానము కలుగుటయు ఆలస్యమగును. అడవిలోని ఆడ చింపాంజీ సుమారు 13, 14 ఏండ్లకు తొలిపిల్లను కనును. వేటాడి, దుంపలు త్రవ్వుకొని బ్రదుకు మానవ సమూహములలో స్త్రీకి తొలికాన్పు సుమారు 19 ఏండ్లకు అగును. ఇంత నష్టమును భరించి మన దీర్ఘబాల్యము నిలిచినదన్నచో, దానివలన అంతకు మించిన లాభమేదో యుండి తీరవలెను. ఆ లాభమేమి? దాని ఖర్చును ఎవరు భరించిరి? ఈ రెండింటికి జవాబు దొరికినచో ఆ సోదరి ప్రశ్నకును జవాబు దొరకును.

ముందు పుట్టుకనుండి ఆరంభింతము. శిశువు పుట్టునప్పుడు మెదడు బరువు 350 మొదలు 400 గ్రాముల వరకు ఉండును. పెద్దవారి మెదడు సుమారు 1,300 గ్రాములు. అనగా మన శిశువు తనకు ముందు ముందు కలుగబోవు మెదడులో మూడవ వంతునకంటె తక్కువ భాగముతో లోకమునకు వచ్చుచున్నది. చింపాంజీ పిల్ల సుమారు ఐదింట రెండు వంతులతో వచ్చును. స్విట్జర్లాండు దేశపు జంతుశాస్త్రజ్ఞుడు అడాల్ఫ్ పోర్ట్‌మన్ 1940వ దశకములో ఈ విషయమును విచారించి, తక్కిన వానరజాతుల పిల్లలంతటి పరిణతితో మన శిశువు పుట్టవలెనన్నచో తల్లి సుమారు 21 మాసములు మోయవలసి యుండునని చెప్పెను. ఆయన దృష్టిలో మన మొదటి సంవత్సరము గర్భమునకు వెలుపల గడచు గర్భవాసము వంటిది.

అయినచో తల్లి అన్ని మాసములు ఏల మోయదు? అమెరికా శాస్త్రజ్ఞుడు షెర్వుడ్ వాష్‌బర్న్ 1960లో ఒక కారణము చెప్పెను. రెండు కాళ్లపై నిటారుగ నడచుటకు కటివలయపు ఆకారము మారవలసి వచ్చినది. ఆ మార్గము ఇరుకైనది. మరియొక వైపున తల పెద్దదైనది. ఇరుకు త్రోవలో పెద్ద తల పట్టవలెనన్నచో శిశువు ముందుగనే బయటికి రావలెను. ఈ వాదము చాలకాలము తిరుగులేనిదిగా నుండెను. 2012లో హాలీ డన్స్‌వర్త్, ఆమె సహచరులు వేరొక కారణమును ముందుంచిరి. గర్భము పెరుగుచున్నకొలది తల్లి శరీరము ఖర్చుచేయు శక్తి పెరిగి, నెలలు నిండునప్పటికి ఆమె విశ్రాంతిగా నున్నప్పుడు మామూలుగా ఖర్చుచేయు శక్తికి రెండింతలగును. మానవశరీరము ఎడతెగక భరింపగల పరిమితి ఇంచుమించు అంతియే. తొమ్మిది నెలలు దాటినచో ఆమె తిన్నది ఇద్దరికి చాలదు. ఇరుకు త్రోవయే కారణమా, శక్తి చాలకుండుటయే కారణమా అను చర్చ ఇంకను సాగుచున్నది. బిడ్డ అపరిపక్వముగా పుట్టుట తల్లి తప్పువలన జరుగునది కాదని మాత్రము రెండు పక్షములును అంగీకరించును.

ఇక నడక సంగతి. స్వీడను దేశములోని లుండ్ విశ్వవిద్యాలయమునకు చెందిన మార్టిన్ గార్విచ్, ఆయన తోటివారు 2009లో 24 జాతుల పాలిచ్చు జంతువులను పోల్చి చూచిరి. పుట్టిన దినమునుండి గాక గర్భము ధరించిన దినమునుండి లెక్క పెట్టినచో, ఏ జంతువు ఎప్పుడు నడుచునన్నది ముఖ్యముగా ఆ జాతిలో పెద్దవాని మెదడు బరువును బట్టి యుండునని వారు కనుగొనిరి. మెదడు ఎంత పెద్దదో నడక అంత ఆలస్యము. ఈ లెక్కలో మానవ శిశువు తనకు ఏర్పడిన సమయముననే నడచుచున్నది. కావున లోపము పెంపకములో లేదు. లెక్కను పుట్టిన దినమునుండి మొదలుపెట్టుటలో నున్నది.

పుట్టిన పిదప మెదడు ఏమి చేయుచున్నదో చూతము. మొదటి యేట అది అతివేగముగా పెరుగును. ఆరేండ్లు నిండునప్పటికి పరిమాణములో ఇంచుమించు పెద్దవాని మెదడంత యగును. అయితే పరిమాణము పెరుగుట వేరు, పని కుదురుట వేరు. ఆ వయస్సులో మెదడులోని కణములు ఒకదానితో నొకటి అసంఖ్యాకముగా సంబంధములు కల్పించుకొనుచుండును. ఈ పనికి గ్లూకోజు కావలెను. 2014లో అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయమునకు చెందిన క్రిస్టఫర్ కుజావా, ఆయన సహచరులు ఈ ఖర్చును లెక్కించిరి. పెద్దవారు ఊరక విశ్రమించియున్నప్పుడు శరీరము ఖర్చుచేయు శక్తిలో మెదడు వాటా సుమారు ఐదవ వంతు. నాలుగైదేండ్ల పిల్లలలో అది మూడింట రెండు వంతులు!

ఆశ్చర్యమేమనగా, మెదడు ఇంత ఖర్చుచేయు ఆ యేండ్లలోనే శరీరపు ఎదుగుదల మందగించును. మొదటి సంవత్సరములో శిశువు సుమారు 25 సెంటీమీటర్లు పొడవు పెరుగును. ఐదేండ్ల ప్రాంతమున సంవత్సరమునకు ఆరు సెంటీమీటర్లే. నాలుగవ యేట కాస్త వదులుగా కుట్టించిన అంగీ ఐదవ యేట కూడ సరిపోవుట తల్లులందరు ఎరిగినదే. కొడుకును పట్నములో చదివించుచున్న గృహస్థు ఇంటిపై మేడ కట్టుటను నాలుగేండ్లు వాయిదా వేసినట్లు, మెదడు పని ముగియువరకు శరీరము తన పెరుగుదలను వాయిదా వేసికొనుచున్నది. ఆ బాకీ యౌవనారంభమున తీరును. అప్పుడు పిల్లలు చూచుచుండగనే ఎదిగిపోవుదురు.

ఈ నిదానము మానవవంశమునకు ఎప్పుడు అబ్బినది? గడచిపోయిన బాల్యమునకు సాక్ష్యము ఎక్కడ దొరకును? పండ్లలో దొరకును. పంటిపైనుండు పింగాణీ పొర ఏర్పడునప్పుడు దినదినమును సన్నని గీతలు పడును. చెట్టు మ్రానులోని వలయములు ఏండ్లను చెప్పినట్లు ఈ గీతలు దినములను చెప్పును. అటువంటి సాక్ష్యమునకు సంబంధించిన ముగ్గురు బాలల కథను వినుడు.

మొదటి శిశువు దక్షిణాఫ్రికాలో టౌంగ్ అనుచోట సున్నపురాతి గనిలో 1924లో బయటపడినది. జొహన్నెస్‌బర్గులో శరీర నిర్మాణశాస్త్రమును బోధించుచుండిన రేమండ్ డార్ట్ ఆ చిన్న పుర్రెను 1925లో లోకమునకు పరిచయము చేసి, అది మానవునకు పూర్వబంధువైన ఆస్ట్రలోపిథెకస్ జాతికి చెందినదని చెప్పెను. అది 25 లక్షల సంవత్సరములకు పూర్వపుది. దానికి స్థిరమైన మొదటి దవడపన్ను అప్పుడే వచ్చుచున్నది. మన పిల్లలకు ఆ పన్ను ఆరవ యేట వచ్చును గనుక ఆ శిశువు వయస్సు ఆరేండ్లని చాలకాలము అనుకొనిరి. 1985లో టిమతీ బ్రోమేజ్, క్రిస్టఫర్ డీన్ అట్టి ప్రాచీన జాతుల పండ్లను సూక్ష్మదర్శినితో చూచి గీతలు లెక్కించిరి. ఆ జాతుల పిల్లలు మనకంటె త్వరగా, ఇంచుమించు చింపాంజీలవలె ఎదుగుచుండిరని తేలినది. టౌంగ్ శిశువునకు మూడు నాలుగేండ్లే యుండవలెను. దానిని ఒక పెద్ద డేగ తన్నుకొనిపోయియుండునని లీ బెర్గర్, రాన్ క్లార్క్ 1995లో అభిప్రాయపడిరి. కంటి గూళ్లలోని గోటి గుర్తులు 2006లో ఆ అభిప్రాయమును బలపరచినవి. బాల్యము ఎంత ప్రమాదభరితమో ఆ చిన్న పుర్రె నేటికిని చెప్పుచున్నది.

రెండవ బాలుడు కెన్యా దేశములో తుర్కానా సరస్సునకు పడమటి దిక్కున 1984లో దొరికినాడు. కనుగొన్నవాడు కమోయా కిమెయు. ఆ బాలుడు సుమారు 15 లక్షల సంవత్సరముల క్రిందటివాడు. ఎత్తు ఇంచుమించు 160 సెంటీమీటర్లు. ఎముకలను చూచినచో పన్నెండు పదమూడేండ్లవానివలె కన్పట్టును. పంటి గీతలు చెప్పిన వయస్సు ఎనిమిది ప్రాంతము. మన ఎనిమిదేండ్ల పిల్లవాడు ఎవడైనను అంత పొడవుండునా? కాయము మనవంటిదే యైనను అతని బాల్యము ఇంకను మనవంటిది కాలేదు.

మూడవ పిల్ల మొరాకో దేశములోని జెబెల్ ఇర్హూద్ అనుచోట దొరికినది. వయస్సు సుమారు ఎనిమిదేండ్లు. కాలము సుమారు 3 లక్షల సంవత్సరములకు పూర్వము. టాన్యా స్మిత్, ఆమె సహచరులు 2007లో ఈ పండ్లను పరీక్షించి, అవి నేటి ఎనిమిదేండ్ల పిల్లల పండ్లవలెనే నెమ్మదిగా ఏర్పడినవని నిరూపించిరి. అనగా మన దీర్ఘబాల్యము ఒక్కసారిగా ఊడిపడినది కాదు. లక్షల సంవత్సరముల పొడవున కొంచెము కొంచెముగా సాగినది. అందులోను అన్ని అంగములు ఒకే వేగమున నిదానింపలేదు. ఇథియోపియాలో దొరికిన 33 లక్షల ఏండ్ల నాటి శిశువు పుర్రెను పరీక్షించినవారు, మెదడు ఎదుగుదల అప్పటికే కొంత నెమ్మదించియుండెనని 2020లో ప్రకటించిరి.

ఇక ఖర్చు సంగతి. చింపాంజీ తల్లి తన పిల్లకు నాలుగైదేండ్లు పాలిచ్చును. పాలు మాన్పిన పిదప ఆ పిల్ల తన తిండి తానే ఏరుకొనును. ఒక పిల్ల చేతికి వచ్చినగాని తల్లి మరియొక దానిని కనదు. కాన్పునకు కాన్పునకు నడుమ ఐదారేండ్లు గడచును. మనలో వేటాడి బ్రదుకు సమూహములందు గూడ బిడ్డకు రెండు మూడేండ్లకే పాలు మాన్పుదురు. మూడు నాలుగేండ్లకు మరియొక బిడ్డ కలుగును. అయితే పాలు మానిన బిడ్డ తన తిండి తాను తెచ్చుకొనగలడా? అతనికున్నవి పాలపండ్లు. కడుపు చిన్నది. మెదడుకు బలమైన ఆహారము కావలెను. మూడవ యేటినుండి ఏడవ యేటివరకు సాగు ఈ దశను, అనగా పాలు మానియు పరుల చేతికూటిపై ఆధారపడు కాలమును, బ్యారీ బోగిన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు నిజమైన 'బాల్యము'గా పేర్కొని, అది మానవునకే ప్రత్యేకమని వాదించెను. చంకలో ఒకడు, కొంగు పట్టుకొని ఒకడు! ఒక్క తల్లి ఇద్దరిని ఎట్లు పోషింపగలదు?

దీనికి జవాబు టాంజానియా దేశములో కొంత దొరికినది. అక్కడ ఎయాసి సరస్సు ప్రాంతమున హాడ్జా అను ప్రజలున్నారు. క్రిస్టెన్ హాక్స్, జేమ్స్ ఓకానెల్, నికొలస్ బ్లర్టన్ జోన్స్ అనువారు 1980వ దశకమునుండి వారి జీవనమును గమనించిరి. అక్కడి దుంపలు గట్టినేలలో లోతుగా నుండును. చిన్నపిల్లలు వానిని తగినంతగా త్రవ్వుకొనలేరు. త్రవ్వుడుకఱ్ఱ పట్టి గంటల తరబడి త్రవ్వువారిలో ముసలి స్త్రీలు ముందుండిరి. తల్లి చంటిబిడ్డతో నున్నప్పుడు పెద్దపిల్లల బరువు పెరుగుట తల్లి తెచ్చినదానిపై గాక అమ్మమ్మవంటి పెద్దదిక్కు తెచ్చిన తిండిపై ఆధారపడినట్లు 1997లో వారు ప్రకటించిరి. సంతానము కను వయస్సు దాటిన తరువాత స్త్రీ అనేక సంవత్సరములు ఏల జీవించును, తక్కిన జంతువులలో ఇది ఏల అరుదు అను ప్రశ్నకు గూడ హాక్స్ ఇందే సమాధానము చూచెను. హాడ్జాలు పూర్వయుగపు మనుష్యులు కారని మాత్రము మరువరాదు. వారు మనతోడివారే, మన కాలమువారే. వారి బ్రదుకుతెరువు ఒక పాతకాలపు చిక్కును అర్థము చేసికొనుటకు తోడ్పడుచున్నది, అంతియే.

సారా బ్లాఫర్ హర్డీ అను శాస్త్రజ్ఞురాలు ఈ ఆలోచనను మరింత విస్తరించెను. ఆమె తొలి పరిశోధన మన దేశముననే జరిగినది. 1971 మొదలు రాజస్థానములోని ఆబూ కొండపై ఆమె కొండముచ్చులను పరిశీలించెను. కొండముచ్చు తల్లి పుట్టిన దినమే తన పిల్లను మందలోని తక్కిన ఆడువారికి ఎత్తుకొననిచ్చును. చింపాంజీ తల్లి మాత్రము మొదటి మాసములలో పిల్లను చేయి విడువదు. మానవుడు రెండవ త్రోవలోని బంధువైనను మొదటి త్రోవను పట్టినాడు. అంతేగాక ఎత్తుకొనుటతో ఆగక తినిపించుట గూడ నేర్చినాడు. తండ్రి, అమ్మమ్మ, నాయనమ్మ, మేనత్త, పెద్దక్క, పొరుగింటివారు అందరి చేతులు కలిసినగాని ఇంత ఖరీదైన బాల్యము సాధ్యపడెడిది కాదని ఆమె 2009లో వెలువరించిన గ్రంథమున వాదించెను. చుట్టునున్నవారి ముఖములు చూచి, ఎవరు తన్ను ఆదరింతురో గ్రహించు నేర్పు శిశువునకు అందువలననే అబ్బినదట. పరులను చూచి నవ్వు బోసినోటి నవ్వు వెనుక అంత కథ యున్నది!

ఇక లాభమేమి? 2000లో హిల్లార్డ్ కాప్లన్, ఆయన సహచరులు వేటాడి బ్రదుకు సమూహముల తిండి జమాఖర్చులను కూర్చి చూచిరి. సుమారు 18, 20 ఏండ్లవరకు మనిషి తాను తెచ్చుదానికంటె ఎక్కువ తినును. వేటలో నేర్పు ముప్పది దాటినగాని పండదు. ఆ పిదప అతడు తినుదానికంటె ఎంతో ఎక్కువ తెచ్చి తరువాతి తరమును పోషించును. అడుగుజాడలు చదువుట, విషపు దుంపను విడదీయుట, పనిముట్టు చేయుట, నలుగురితో మాటలాడుట ఇవేవియు పుట్టుకతో రావు. వీనిని నేర్చుటకు మెత్తని మెదడు, తీరికయైన కాలము, తిండి పెట్టు పెద్దలు కావలెను. దూడ పుట్టుకతోనే తన బ్రదుకునకు వలసిన దానిలో చాల భాగము తెచ్చుకొనును. అందుచేత జన్మాంతము దూడ చేసినదే చేయును. శిశువు ఏమియు తెచ్చుకొనదు. అందుచేత మంచుదేశమునందైనను ఎడారియందైనను, ఏ యింట పెరిగిన ఆ యింటి భాష నేర్చి బ్రదుకగలదు. 'మొక్కై వంగనిది మానై వంగునా' యని మనవారు పిల్లలను దండించునప్పుడు అనుచుందురు. మొక్కగా నుండు కాలము పొడవగుటయే మానవునకు దక్కిన భాగ్యమని ఆ సామెతకు మరియొక అర్థము చెప్పుకొనవచ్చును. పిల్లలు గుజ్జనగూళ్లు వండుకొనుట, బొమ్మరిండ్లు కట్టుట కాలము వృథా చేయుట కాదు. వారికి ఆ యేండ్లు ఇచ్చినదే అందులకు. మూడవ యేటనే ఆట మాన్పి పలకకు కట్టివేయు తల్లిదండ్రులు ఈ సంగతిని కొంచెము ఆలోచింపవలెను.

పరిణామశాస్త్రము మనకు ఆజ్ఞలు ఇచ్చునది కాదు. ఇట్లు జరిగినదని అది చెప్పును. ఎట్లు నడచుకొనవలెనో నిర్ణయించుకొనుట మన వివేకమునకు చెందినది. ఇక ఆ సోదరి బిడ్డ నడక విషయము. ప్రపంచ ఆరోగ్యసంస్థ మన దేశముతో సహా ఐదు దేశముల శిశువులను పరిశీలించి 2006లో కొన్ని ప్రమాణములు ప్రకటించినది. ఆరోగ్యవంతులైన శిశువులు ఎనిమిదవ మాసము దాటినది మొదలు పదునెనిమిదవ మాసము లోపుగా ఎప్పుడైనను పట్టు విడిచి నడువవచ్చునని అందు తేలినది. ఏడాది నిండిన బిడ్డ గోడ పట్టుకొని నిలుచుట ఆ పరిధిలోనిదే. పదునెనిమిది మాసములు దాటియు నడువనిచో వైద్యునకు చూపవలెను.

ఆ యింటి పెద్దలకు గూడ ఒక మనవి. ఈ బిడ్డకు దొరికిన దీర్ఘబాల్యము తల్లి యొక్కతె సంపాదించి ఇచ్చినది కాదు. వేల తరముల అవ్వలు ఎండలో దుంపలు త్రవ్వి, చంటిపిల్లలను మోసి దానిని నిలిపిరి. ఈ చరిత్రలో పెద్దలకు తీర్పు చెప్పు పని ఎక్కడను కానరాదు. బిడ్డను ఎత్తుకొను పని అడుగడుగునను కానవచ్చుచున్నది. కావున ఈ సాయంకాలము తల్లిని కాసేపు కూర్చుండనిచ్చి, గోడ పట్టుకొని నిలిచిన ఆ పసివానికి మీ వ్రేలు అందింపుడు.